అన్నం మోసే చేతులకు తుపాకీ పట్టే వీలుండదు

సంపాదకులు గారికి,

యుద్ధ వార్త ఏది చదివినా అందులో కాల్చినవాళ్లుంటారు, తూటా తగిలి పోయినవాళ్లుంటారు. వాళ్లు ఆ పూట ఏం తిన్నారు, ఆ తిండిని అక్కడిదాకా ఎవరు మోసుకొచ్చారు అన్నది మాత్రం ఉండదు. ‘సరఫరాలు అందుతున్నాయి’ అనే ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు. ఆ ముక్క వెనకున్న పని ఎట్లా జరుగుతుందో, అందులో గండం ఎక్కడెక్కడ కాచుకుని ఉంటుందో పాఠకులకు తెలియాలని ఈ ఉత్తరం.

బరువుతో మొదలుపెడదాం. ముందు వరుసలో 120 మంది ఉన్న కంపెనీ, అంటే సైనిక దళం, ఒకటి ఉందనుకోండి. మనిషికి రోజుకు 5 లీటర్ల నీళ్లన్నా 600 లీటర్లు, అంటే 600 కిలోలు. తిండి మనిషికి ఒకటిన్నర కిలో చొప్పున 180 కిలోలు. మందుగుండు, బ్యాటరీలు, కట్టుగుడ్డలు ఇంకా లెక్కలోకే రాలేదు. చీకట్లో, గతుకుల్లో, తుపాకీ కూడా భుజాన వేసుకుని ఒక మనిషి మోయగలిగేది 20 నుంచి 25 కిలోలు. నీళ్లు నిండిన 20 లీటర్ల జెర్రీక్యాన్ ఒక్కటే ఆ హద్దుకు వచ్చేస్తుంది. మొత్తం 780 కిలోలు చేరాలంటే 30 మందికి పైగా కావాలి. అది దాదాపు ఒక ప్లటూన్. కంపెనీకి ఉండేవే మూడు ప్లటూన్లు. ప్రతి రాత్రీ కాపలా నుంచి ఒక ప్లటూన్‌ను తీసి మోతకు పంపడం ఏ కమాండర్‌కూ కుదరదు. అందుకని సగం మందితో రెండేసి ట్రిప్పులు వేయిస్తారు. ఒక్కసారి దాటడమే గండమైన చోటును ఒకే మనిషి రాత్రికి నాలుగుసార్లు దాటుతాడన్నమాట.

వంట జరిగేది మోర్టార్లకు అందని దూరంలో, ఏదో ఒక గుట్ట చాటున. మన జవాన్లు దాన్ని లంగర్ అంటారు. పగలు పొగ కనిపిస్తుంది, రాత్రి మంట కనిపిస్తుంది. కాబట్టి వంట వేళను వంటవాళ్లు కాక శత్రువు చూపు నిర్ణయిస్తుంది. అక్కడి నుంచి ట్రక్కో కంచరగాడిదలో కొంతదూరం తెస్తాయి. ఒక చోట చక్రం ఆగిపోతుంది, ఇంకొంచెం ముందు డెక్క కూడా ఆగిపోతుంది. మిగిలిన కిలోమీటరో మూడు కిలోమీటర్లో మనిషి వీపు మీద సాగాల్సిందే. ముందు వరుస నుంచి వచ్చిన గైడ్ ఆ చోట ఎదురుచూస్తుంటాడు. గైడ్ రాకపోతే రాషన్ పార్టీ, అంటే తిండీ నీళ్లూ మోసే జట్టు, కదలకూడదు. దారి తెలుసులే అని బయల్దేరి పొరపాటున శత్రువు కందకంలోకే తిండి మోసుకుపోయినవాళ్లు మొదటి ప్రపంచ యుద్ధంలో లేకపోలేదు.

వేడి తిండి మోసే డబ్బా గురించి కాస్త వివరంగా చెప్పాలి. వేడి నిలిచేలా రెండు గోడలతో చేసిన లోహపు డబ్బా, బడిపిల్లల సంచిలా వీపుకు తగిలించుకునేది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వాడిన రకం 12 లీటర్లు పట్టేది. మనిషికి 600 మిల్లీలీటర్ల చొప్పున 20 మందికి ఒక పూట. నిండాక డబ్బాతో కలిపి 20 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. నింపే ముందు అందులో మరిగే నీళ్లు పోసి కాసేపు ఉంచి పారబోయాలి. లేదంటే చల్లటి గోడలే వేడిని తాగేస్తాయి. అంచుదాకా నింపాలి. సగం నింపిన డబ్బాలో తిండి తొందరగా చల్లారడమే కాదు, అడుగేసినప్పుడల్లా లోపల కదిలి మనిషిని పక్కకు లాగుతుంది, చప్పుడు చేస్తుంది. నిండుకుండ తొణకదన్న సామెత అక్షరాలా పనికొచ్చే చోటు ఇదే.

తరువాత మూత. మూత చుట్టూ రబ్బరు వాషర్, బిగించడానికి క్లిప్పులు ఉంటాయి. గుండు వస్తున్న ఈల వినపడగానే మోసేవాడు బోర్లా పడతాడు. అప్పుడు డబ్బా మూత సరిగ్గా అతని మెడ వెనక ఉంటుంది. ఒక్క క్లిప్ సరిగా పడకపోయినా, వాషర్ చీలి ఉన్నా, లోపలి వేడి పదార్థం కాలర్‌లోంచి వీపు మీదికి దిగుతుంది. అరవడానికి లేదు, లేవడానికి లేదు. అందుకే తెలిసిన వంటవాడు పల్చటిది పంపడు, చిక్కగా చేసి పంపుతాడు. డబ్బా వీపుకెత్తే ముందు ఒకసారి తలకిందులు చేసి చూస్తాడు. వేడి 60 డిగ్రీల కిందికి పడి కొన్ని గంటలు గడిస్తే తిండి చెడిపోవడం మొదలవుతుంది. కందకంలో పదిమందికి విరేచనాలు పట్టుకుంటే పదిమంది గాయపడినట్టే లెక్క. దారిలో కాల్పుల వల్ల ఆలస్యమైతే, ప్రాణాలకు తెగించి తెచ్చిన ఆ తిండినే పారబోయించే తెగువ కూడా ఎవరో ఒకరికి ఉండాలి.

బరువులు పంచడంలో ఒక కిటుకు ఉంది. రొట్టెలన్నీ ఒకడికి, టీ చక్కెర అంతా ఇంకొకడికి అప్పగిస్తే, దారిలో ఆ ఒక్కడు పడిపోతే ఆ రాత్రికి ఎవరికీ టీ ఉండదు. అందుకే ప్లటూన్‌లోని చిన్న జట్టును సెక్షన్ అంటారు కదా, ఏ సెక్షన్‌కు వెళ్లాల్సిన సరుకంతా ఆ సెక్షన్ సంచిలోనే కట్టాలి. మొదటి ప్రపంచ యుద్ధపు పశ్చిమ రంగంలో బ్రిటిష్ సైనికులు ఇసుక బస్తాలనే సంచులుగా వాడేవారు. టీ పొడి, చక్కెర బస్తా మూలల్లో ముడులేసి, రెండు బస్తాలు జతగా కట్టి భుజానికి ముందూ వెనకా వేలాడదీసేవారు. వాన పడితే రొట్టె తడిసి బస్తా పీచు అంటుకునేది. నీళ్లు రెండు గ్యాలన్ల పెట్రోలు డబ్బాల్లో వెళ్లేవి. ఎంత కడిగినా వాసన పోయేది కాదు, అందరి టీలోనూ పెట్రోలే. ఇంతకీ ఆ టీ కాచిన పెద్ద పాత్రను బ్రిటిష్ సైనికులు ‘డిక్సీ’ అనేవారు. అది హిందుస్తానీ ‘దేగ్చీ’ నుంచి వచ్చింది, అంటే మన డేగిసాకు చుట్టమే.

ఇక నడక. మనిషికీ మనిషికీ మధ్య ఐదు నుంచి పది అంగల ఎడం. ఒకే గుండుకు అందరూ పోకూడదు, అలాగని చీకట్లో ముందువాడు కనిపించకుండానూ పోకూడదు. గిన్నెల కాడలకు గుడ్డ చుట్టాలి. తుపాకీ బెల్టు కొక్కేనికి టేపు వేయాలి. భుజం పట్టీల్లో ఒకటి ఒక్క లాగుతో ఊడొచ్చేలా ఉంచుకోవాలి. 1917లో బెల్జియంలోని పాషెండేల్ బురదలో చెక్కపలకల దారి మీద నుంచి కాలు జారి నీళ్లు నిండిన గుంటలో పడ్డవాళ్లను ముంచింది చాలాసార్లు వీపు మీది బరువే. చీకట్లో కదలికలు పట్టడానికి శత్రువు వేసే వెలుగుగుండు పైకి లేచే ‘సుయ్’మన్న చప్పుడు వినపడితే అది విచ్చుకునేలోపే నేలకు కరుచుకోవాలి. తలమీద వెలిగిపోయాక పడుకోబోతే కదలికే పట్టిస్తుంది. అప్పుడు ఎలా ఉన్నవాడు అలాగే, ఒక కాలు గాల్లో ఉన్నా సరే, బిగుసుకుపోవాలి. ఒక కన్ను మూసుకోవాలి, వెలుగు ఆరాక చీకట్లో చూడ్డానికి ఆ కన్నే దిక్కు. వీపున 20 కిలోలతో అర నిమిషానికి పైగా అలా నిలబడటం ఎంత కష్టమో ఇంట్లో బియ్యం బస్తా ఎత్తుకుని ప్రయత్నించి చూడొచ్చు.

దాడికి వెళ్లే సైనికుడి ధైర్యాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ తేడా గమనించండి. దాడి ఎప్పుడు, ఎటునుంచి అన్నది మన చేతిలో ఉంటుంది. వెనక నుంచి ఫిరంగుల దన్ను ఉంటుంది. చేతిలో ఆయుధం ఉంటుంది. పక్కన అరుస్తూ పరిగెత్తే తోటివాళ్లుంటారు, ఆ ఊపు మనిషిని సగం దూరం తీసుకుపోతుంది. రాషన్ పార్టీకి వీటిలో ఏదీ లేదు. రెండు చేతులూ బరువుకే సరి. కాల్పులు వచ్చినా ఎదురు కాల్చకూడదు, కాలిస్తే దారి బయటపడిపోతుంది. రేపు అదే దారిన మళ్లీ రావాలి కదా. దాడి ఒకనాటితో అయిపోతుంది. ఆకలి ప్రతి రాత్రీ అవుతుంది.

ఆ దారి శత్రువుకూ తెలుసు, ఇదే అసలు సమస్య. మనుషులు నీళ్లు తాగక తప్పదని, నీళ్లు ఫలానా వంతెన మీదుగానో వాగు మలుపు మీదుగానో రాక తప్పదని వాడికీ తెలుసు. పగలే ఆ చోటుకు గురి సరిచూసుకుని, రాత్రి చూడకుండానే నాలుగు గుండ్లు వేస్తాడు. రోజూ ఎనిమిదింటికే బయల్దేరే పార్టీ ఎనిమిదింబావుకు ఎక్కడుంటుందో లెక్కగట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. వేళ మార్చమని ప్రతి శిక్షణలోనూ చెబుతారు. కానీ వేళ మారిస్తే వంట మారాలి, గైడ్ మారాలి, కాపలావాళ్లకు కబురు వెళ్లాలి. అలసిపోయిన యూనిట్ మెల్లగా పాత వేళకే జారిపోతుంది. మా దృష్టిలో రాషన్ పార్టీలను ఎక్కువగా చంపింది ఈ అలవాటే.

మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర, మెనిన్ రోడ్డు మీద ఒక కూడలి ఉండేది. చుట్టూ ఉన్న ఎత్తుల మీది నుంచి జర్మన్లకు అది బాగా కనిపించేది. సరఫరా బండ్లు దాన్ని దాటక తప్పేది కాదు. సైనికులు దానికి ‘హెల్‌ఫైర్ కార్నర్’, అంటే నరకాగ్ని మూల అని పేరు పెట్టారు. గుంజలు పాతి, రోడ్డు పొడవునా గోనెగుడ్డ తెరలు కట్టి, గుర్రాలను దౌడు తీయించేవారు. వందేళ్లు దాటాక ఇవాళ ఉక్రెయిన్‌లో చూడండి. రోడ్ల పొడవునా గుంజలు పాతి, డ్రోన్లు దూరకుండా వలలు కడుతున్నారు. వేడిని పసిగట్టే కెమెరాలు వచ్చాక చీకటి కూడా పూర్తిగా దాపు కాకుండా పోయింది. వాహనం ఇంకా చాలా వెనకే ఆగిపోతోంది. కాలినడక దూరం తగ్గాల్సింది పోయి పెరిగింది. డ్రోన్లతోనే నీళ్ల సీసాలు, తిండి పొట్లాలు పంపుతున్నారు గానీ, ఒక్కో డ్రోన్ మోసేది కొద్ది కిలోలే. 120 మంది లెక్కను మళ్లీ ఒకసారి చూసుకుంటే అది ఎంతవరకు సరిపోతుందో తెలుస్తుంది.

కొండల్లో లెక్క వేరు. సైన్యంలో కంచరగాడిదకు ఏళ్లుగా ఉన్న కొలత సుమారు 72 కిలోలు. రెండు పక్కలా బరువు సమంగా లేకపోతే జీను రాసుకుని వీపు పుండు పడుతుంది. ఆ జంతువు ఇక వారాల తరబడి పనికిరాదు. దాని అరుపు ఇంకో గండం. 1944లో జపనీయులపై పోరుకు బర్మా అడవుల్లోకి వెళ్లిన బ్రిటిష్ సైన్యపు చిందిట్ దళాలు ఆ భయంతోనే కంచరగాడిదల స్వరతంత్రులు కోయించాయి. 1915లో టర్కీలోని గలిపొలి ఒడ్డున ఇరుకు లోయల గుండా రాత్రులు నీళ్లూ తిండీ పైకి చేర్చినవాళ్లలో భారతీయ కంచరగాడిదల దళాలున్నాయి. ఆ యుద్ధం గురించి వచ్చే కథనాల్లో వాళ్ల ప్రస్తావన ఎంతుంటుందో చెప్పనక్కర్లేదు.

జంతువు కూడా వెళ్లలేని చోట మనిషే. అక్కడ ఒక చేదు నిజం ఎదురవుతుంది: మోసేవాడూ తినాలి. 20 కిలోల తిండి ఎత్తుకున్నవాడు రోజుకు కిలో తింటే, ఐదు రోజుల దూరానికి వెళ్లి రావడానికే 10 కిలోలు కావాలి. చేరేది సగమే. పది రోజుల దూరమైతే చేరేది సున్నా. 1942లో న్యూగినీలోని కొకోడా బాటలో పాపువన్ కూలీలతో తిండి మోయించిన ఆస్ట్రేలియా సైన్యానికి ఎదురైన చిక్కు ఇదే. విమానాల నుంచి జారవిడవక తప్పలేదు. జారవిడిచినా అన్నీ మనకే దక్కుతాయా? 1944 ఏప్రిల్‌లో కొహిమాలో చుట్టుముట్టబడ్డ దళానికి వేసిన పారాచూట్లలో కొన్ని జపనీయుల వైపు పడ్డాయి. నీళ్ల చెరువు అప్పటికే శత్రువు చేతుల్లో ఉంది. ఒక ఊట దొరికినా చీకటి పడ్డాకే వెళ్లి తెచ్చుకోగలిగేవారు.

సియాచిన్‌లో 1984 ఏప్రిల్ నుంచి మన సైన్యం ఉంది. 20,000 అడుగుల దగ్గర నీళ్లు సుమారు 80 డిగ్రీలకే మరిగిపోతాయి, ప్రెషర్ కుక్కర్ లేకపోతే పప్పు ఉడకదు. తాగే నీళ్లంటే మంచు కరిగించుకోవడమే, కాబట్టి అక్కడ కిరోసిన్ డబ్బా కూడా తిండి కిందే లెక్క. అంత ఎత్తులో గాలి పల్చన, చీతా హెలికాప్టర్ ఒక్కో విడతకు కొద్ది పదుల కిలోలే మోయగలదు. మిగిలింది ఒకే తాడుకు కట్టుకుని నడిచే జవాన్లు, పోర్టర్ల భుజాల మీద వెళుతుంది. వాళ్లు రాత్రో తెల్లవారుజామునో నడుస్తారు. ఎండ పడితే మంచు మెత్తబడి, పగుళ్ల మీద వంతెనలా పేరుకున్న పొర కూలిపోతుంది. శత్రువు ఒక్క తూటా కాల్చకుండానే మనుషులు పోయే దారి అది.

తిండి లెక్క విషయంలో ఒక మాట. వెనక వంట జరిగేది నిన్నటి తలల లెక్కతో. మధ్యాహ్నం దాడి జరిగితే 120 మందికి వండింది 80 మందికి చేరుతుంది. మిగిలిన డబ్బాలను చూసి ముందు వరుసలో ఎవరూ మాట్లాడరు. కురుక్షేత్రంలో ఉడుపి రాజు రెండు సైన్యాలకూ వండిపెట్టాడని, కృష్ణుడు రాత్రి ఎన్ని వేరుశనగ గింజలు తింటే మర్నాడు అన్ని వేలమంది పోతారని లెక్కగట్టి వండేవాడని ఒక కథ చెబుతారు. క్వార్టర్‌మాస్టర్ల దగ్గర, అంటే సరఫరాలు చూసే అధికారుల దగ్గర, ఆ కృష్ణుడు లేడు. తక్కువ వండి ఒక్కరిని పస్తుంచడం కన్నా ఎక్కువ వండి మోయడమే నయమనుకుంటారు, ఆ అదనపు బరువూ మళ్లీ అదే వీపుల మీద.

తిరుగు ప్రయాణం గురించి ఎవరూ అడగరు. ఖాళీ డబ్బాలు వెనక్కి రావాలి. రాకపోతే రేపు వేడి తిండి లేదు. ఖాళీ లోహం నిండు డబ్బా కన్నా ఎక్కువ మోగుతుంది కాబట్టి లోపల గుడ్డలు కుక్కి తెస్తారు. తిండితో పాటు పైకి వెళ్లిన ఉత్తరాలకు జవాబులూ వీళ్ల జేబుల్లోనే కిందికి వస్తాయి. గాయపడినవాళ్లుంటే వాళ్లను మోసుకొచ్చేదీ చాలాసార్లు వీళ్లే.

గుర్తింపు సంగతి. అమెరికా అంతర్యుద్ధంలో, 1862 సెప్టెంబరు 17న ఆంటీటమ్ పోరులో, విలియం మెకిన్లీ అనే 19 ఏళ్ల సరఫరా సార్జెంట్ కాల్పుల మధ్యనే బండి తోలుకుంటూ వెళ్లి తన రెజిమెంట్‌కు వేడి కాఫీ, తిండి అందించాడు. ఆ పనికి ఆ మైదానంలో స్మారకం ఉంది. అయితే అది కట్టేనాటికి ఆయన అమెరికా అధ్యక్షుడై, హత్యకు గురై కూడా రెండేళ్లయింది. 1941లో ఇవాన్ సెరెదా అనే సోవియట్ వంటవాడికి ‘సోవియట్ యూనియన్ హీరో’ బిరుదు వచ్చింది, గొడ్డలితో జర్మన్ ట్యాంకును లొంగదీసినందుకు. సూప్ మోసినందుకు కాదు. అక్కడే 1943లో సైనిక వంటవాళ్లకు ప్రత్యేకంగా ఒక బ్యాడ్జి పెట్టారు. వేడి తిండి, టీ పోరాడుతున్నవాళ్లకు త్వరగా చేర్చడాన్ని దాని అర్హతల్లో రాశారు. ఆ ఒక్క విషయంలో వాళ్లను మెచ్చుకోవాలి.

మన దగ్గర సైన్యానికి సరఫరాలు చూసే ఆర్మీ సర్వీస్ కోర్ నినాదం ‘సేవా అస్మాకం ధర్మః’, అంటే సేవే మా ధర్మం. కార్గిల్‌లో పరమవీరచక్ర అందుకున్న యోగేంద్ర సింగ్ యాదవ్ టైగర్ హిల్ ఎక్కకముందు తోలోలింగ్ మీద పోరాడుతున్నవాళ్లకు రాషన్, మందుగుండు మోశారు. ఆ సంగతి ఆయనే చెప్పారు. టైగర్ హిల్ గురించి చదివినవాళ్లలో ఆ మోత గురించి విన్నవాళ్లు ఎంతమంది ఉంటారు?

మీ విలేకరులకు ఒక మనవి. ఇకమీదట సరిహద్దు పోస్టుకు వెళ్లినా, యుద్ధం నుంచి వచ్చినవాళ్లతో మాట్లాడినా మూడు ప్రశ్నలు అడిగి చూడమనండి. నీళ్లు ఎంత దూరం నుంచి వచ్చేవి? చివరి బండి ఎక్కడ ఆగేది? అక్కడి నుంచి మోసింది ఎవరు? మూడో ప్రశ్నకు వచ్చిన పేర్లు కూడా అచ్చువేయండి.

ఇట్లు,
సైన్యం సరఫరా విభాగాల్లో పనిచేసి వచ్చిన కొందరం